నెలలు నిండకుండా పుట్టిన పాప, ఆరున్నర నెలలైనా బోర్లా పడట్లేదు, చాలా భయంగా ఉంది

చిన్నితల్లి_అమ్మ:

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ మీరందరూ రాసినవి చదువుకోవడమే తప్ప నేనెప్పుడూ రాయలేదు. రెండు రోజులుగా నిద్ర పట్టట్లేదు, అందుకే రాస్తున్నాను, కాస్త పొడుగైతే ఏమీ అనుకోకండి.

మా పాపకి ఇప్పుడు ఆరున్నర నెలలు. 31 వారాలకే, అంటే ఎనిమిదో నెలలో పుట్టింది. నాకు ఏడో నెలలో కాళ్ళు బాగా వాచాయి, అందరూ మామూలే అన్నారు, నేనూ అలాగే అనుకున్నాను. ఒకరోజు తలనొప్పి తగ్గకుండా కళ్ళ ముందు మెరుపుల్లా వస్తుంటే ఆసుపత్రికి వెళ్ళాం, బీపీ 170 దాటింది, మూత్రంలో ప్రోటీన్ పోతోందన్నారు. గురువారం రాత్రి చేర్చుకుని, పాప ఊపిరితిత్తుల కోసమని పన్నెండు గంటలకొకటి చొప్పున నాలుగు ఇంజెక్షన్లు ఇచ్చి, ఇక ఆగితే నాకు ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉందని శనివారం రాత్రి సిజేరియన్ చేశారు. పాప బరువు 1.42 కిలోలు. 34 రోజులు ఇంక్యుబేటర్ బాక్స్‌లో ఉంది. 1.9 కిలోలకి వచ్చాక ఇంటికి పంపారు.

మా తోటికోడలికి అదే వారంలో నెలలు నిండి బాబు పుట్టాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో, పక్కపక్క చాపల మీద. వాడు నాలుగున్నర నెలలకే బోర్లా పడ్డాడు, అత్తయ్య బొబ్బట్లు చేసి వీధంతా పంచారు. ఇప్పుడు చెయ్యి ఆసరాగా ఆనించుకుని కూర్చుంటున్నాడు. మా పాపకి మెడ నిలబడింది, మనిషిని చూస్తే నవ్వుతుంది, ఊ కొడుతుంది, కానీ వెల్లకిలా పడుకోబెడితే అలాగే ఉంటుంది, పక్కకి కూడా తిరగదు. అత్తయ్య మంచివారే, కానీ నిన్న నూనె రాస్తూ పాప కాళ్ళు పట్టుకుని చాలాసేపు చూసి, "ఏడో నెల పిల్లలు నిలదొక్కుకుంటారు గానీ ఎనిమిదో నెల పిల్లలే..." అని ఆపేశారు. ఆ ఆపేసిన మాటే నా చెవుల్లో తిరుగుతోంది.

బ్రెయిన్‌లో ఏమైనా లోపం ఉందేమోనని టెన్షన్. వాకర్‌లో కూర్చోబెడితే కాళ్ళకి బలం వస్తుందని ఒకరన్నారు. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా? దయచేసి చెప్పండి.


రెండు_పుట్టినరోజులు:

చెల్లీ, ముందు ఒక పని చెయ్యి. నీ స్కానింగ్ కాగితాల్లో మొదటి స్కాన్ తీసి అందులో డెలివరీ డేట్ ఏం రాశారో చూడు. నీ పాప వయసు ఆ తేదీ నుంచి లెక్కపెట్టు, పుట్టిన రోజు నుంచి కాదు.

40 వారాలకి రావాల్సింది, 31కి వచ్చింది, అంటే తొమ్మిది వారాలు ముందు. ఆరున్నర నెలలంటే సుమారు 28 వారాలు. అందులోంచి తొమ్మిది తీసేస్తే 19. అంటే ఎదుగుదల లెక్కలో నీ పాప వయసు నాలుగు నెలల పైన కొద్ది రోజులు, అంతే. దీన్ని డాక్టర్లు కరెక్టెడ్ ఏజ్ అంటారు, రెండేళ్ళు వచ్చేదాకా ఇలాగే చూస్తారు. నాలుగు నెలల పిల్లకి మెడ నిలబడింది, నవ్వుతోంది, ఊ కొడుతోంది. ఇంతకన్నా ఏం చెయ్యాలి చెప్పు? బోర్లా పడటం అనేది నాలుగు నుంచి ఆరు నెలల మధ్యలో ఎప్పుడైనా జరగొచ్చు. మీ తోటికోడలి బాబు, నీ పాప ఒకే వారంలో పుట్టారు గానీ ఒక వయసు వాళ్ళు కాదు, వాడు రెండు నెలలు పెద్ద.

మా వాడు 29 వారాలకి పుట్టాడు, ఇప్పుడు నాలుగేళ్ళు. మా ఇంట్లో క్యాలెండర్ మీద రెండు తేదీలకి ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీసి ఉంచేదాన్ని, ఒకటి వాడు పుట్టిన రోజు, రెండోది రావాల్సిన రోజు. ఎవరైనా "ఎన్నో నెలమ్మా" అని అడిగితే రెండో తేదీ నుంచి చెప్పేదాన్ని, అది అబద్ధం కాదు, ప్రతిసారీ ఆ కథంతా చెప్పే ఓపిక ఉండదు మనకి. ఒక్క టీకాలు మాత్రం పుట్టిన తేదీ ప్రకారమే వేయించాలి, వాటికి ఈ తీసివేత లెక్క లేదు, ఆలస్యం చెయ్యకు.

వాకర్ విషయం. వద్దు. మేమూ ఎవరో కానుకగా ఇచ్చారని తొమ్మిదో నెలలో కూర్చోబెట్టాం, వాడు మునివేళ్ళ మీద తోసుకుంటూ గది అంతా తిరుగుతుంటే మురిసిపోయాం. ఫిజియోథెరపీ మేడమ్ చూసి అదే రోజు తీసేయించారు. అందులో కూర్చుంటే నడుము, పొట్ట కండరాలకి పనే ఉండదట, మడమ ఆనించి నిలబడటం ఆలస్యమవుతుందట. పైగా మెట్ల మీంచి, వంటింట్లో పొయ్యి దగ్గర ప్రమాదాలు. కెనడాలో 2004 నుంచి వాటిని అమ్మడమే నిషేధం. మా వాడు చివరికి క్యాలెండర్ లెక్కలో 17 నెలలకి నడిచాడు, సరిచేసిన లెక్కలో పద్నాలుగున్నర. ప్రపంచ ఆరోగ్య సంస్థ చార్టులో ఒంటరిగా నడవడానికి ఇచ్చిన గడువు ఎనిమిది నెలల నుంచి పదిహేడున్నర నెలల దాకా ఉంది, అంత వెడల్పు ఉంది ఆ గడువు. అడుగులకి అరిసెలు ఆలస్యంగానే చేశాం, కానీ చేశాం.


గోదావరి_అమ్మమ్మ:

తల్లీ, ఏడవకు. మా పెద్దన్నయ్య ఏడో నెలలో పుట్టాడట, మా నాయనమ్మ దూదిలో చుట్టి, కుంపటి పక్కన పెట్టుకుని, ఉగ్గుగిన్నెతో పాలు పోసి పెంచింది. ఆయన డెబ్బై తొమ్మిదేళ్ళు బతికాడు, పొలం గట్ల మీద మా అందరికన్నా ముందు నడిచేవాడు.

రోజూ నూనె పట్టించి కాళ్ళూ చేతులూ బాగా సాగదీసి, సున్నిపిండితో నలిచి, వేడినీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ పట్టించు. ముక్కులో, చెవుల్లో రెండేసి చుక్కల నూనె వెయ్యి, గాలి తగలకుండా ఉంటుంది. నెల తిరిగేసరికి దొర్లుతుంది చూడు. బొబ్బట్లు ఎక్కడికీ పోవు.


సిస్టర్_వరంగల్:

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో పసిపిల్లల వార్డులో స్టాఫ్ నర్సుని, పద్నాలుగేళ్ళుగా ఈ చిన్న పిల్లల మధ్యే ఉంటున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

అమ్మమ్మ గారూ, మీరు చెప్పిన నూనె మర్దనా నిజంగా మంచిదే, తక్కువ బరువుతో పుట్టిన పిల్లలకి మరీ మంచిది, మెత్తగా అరచేత్తో రాయాలి అంతే, సాగదీయకూడదు. కానీ ముక్కులో చెవుల్లో నూనె వద్దండీ, ముక్కులో వేసిన చుక్క ఊపిరితిత్తుల్లోకి జారితే నిమోనియా వస్తుంది, అలాంటి పిల్లల్ని నేను చూశాను. సాంబ్రాణి పొగ కూడా వద్దు, నెలలు నిండని పిల్లల ఊపిరితిత్తులు ఎదుగుతూనే ఉంటాయి, ఆ పొగకి పిల్లికూతలు మొదలవుతాయి. మీ నాయనమ్మ గారు దూదిలో చుట్టి చేసింది మాత్రం మేం ఇప్పుడు చేసే పనే, ఒళ్ళు చల్లబడకుండా కాపాడటం.

ఇక అమ్మా, నీ పాప ఎందుకు కదలట్లేదో చెప్తాను. కడుపులో బిడ్డ ఆఖరి రెండు నెలల్లో ఎలా ఉంటుందో ఆలోచించు. అప్పటిదాకా నీళ్ళలో ఈదినట్టు తిరిగే బిడ్డకి చోటు ఇరుకైపోతుంది, మోకాళ్ళు పొట్టకి, గడ్డం గుండెకి ఆనించుకుని ముడుచుకుంటుంది. కాలు చాచినప్పుడల్లా గర్భసంచి గోడ తగిలి వెనక్కి నెడుతుంది. అది బిడ్డ చేసే మొదటి కసరత్తు. నెలలు నిండి పుట్టిన పిల్లని చూడు, కాళ్ళు లాగి వదిలితే టపీమని మళ్ళీ ముడుచుకుంటుంది. నీ పాపకి ఆ కసరత్తు జరగలేదు, ముడుచుకోవాల్సిన సమయంలో బాక్స్‌లో చదును పరుపు మీద కాళ్ళు బార్లా పెట్టుకుని కప్పలా పడుకుంది. ఆ రోజుల్లో మేం మెత్తటి గుడ్డల్ని చుట్టి గూడులా చేసి పిల్లల్ని అందులో పడుకోబెట్టేది అందుకే. బోర్లా పడాలంటే ముందు కాళ్ళు పొట్ట మీదికి ఎత్తాలి, రెండు చేతులూ మధ్యకి తెచ్చుకోవాలి. ఆ ముడుచుకునే బలం ఆమె ఇప్పుడు బయట నేర్చుకుంటోంది.

కాబట్టి చెయ్యాల్సింది ఇది. మెలకువగా ఉన్నప్పుడు, పాలు తాగిన వెంటనే కాకుండా, రోజుకి నాలుగైదు సార్లు రెండు మూడు నిమిషాలు బోర్లా పడుకోబెట్టు. ఏడిస్తే నువ్వు దిండుకి చేరగిలబడి నీ గుండెల మీద బోర్లా వేసుకో, నీ మొహం చూడటానికి తల ఎత్తుతుంది, అదే వ్యాయామం. నిద్రపోయేటప్పుడు మాత్రం వెల్లకిలాయే. పక్కకి పడుకోబెట్టి ముందు గిలక్కాయ పెట్టు, రెండు చేతులూ కలుస్తాయి. కాలి పట్టీలు మోగేలా పాదాలు ఆమె చేతికి అందించు.

ఎనిమిదో నెల గురించి మీ అత్తగారన్న మాట నేను వారానికొకసారి వింటాను. అది ఎలా పుట్టిందో గానీ నిజం కాదమ్మా. కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకి మేలే, 31 వారాల బిడ్డ 28 వారాల బిడ్డ కన్నా గట్టిగా ఉంటుంది, 34 వారాల బిడ్డ ఇంకా గట్టిగా ఉంటుంది, మధ్యలో ఎక్కడా తగ్గదు. నీకిచ్చిన ఆ నాలుగు ఇంజెక్షన్లు చాలా పెద్ద విషయం. ఊపిరితిత్తుల్లో గాలిగదులు ఒకదానికొకటి అంటుకుపోకుండా సబ్బు నురగ లాంటి పదార్థం ఒకటి ఉంటుంది, సర్ఫాక్టెంట్, అది 34, 35 వారాలకి గానీ సరిపడా తయారవదు. తల్లికి స్టెరాయిడ్ ఇస్తే అది తొందరగా తయారవుతుందని 1972లో న్యూజిలాండ్ డాక్టర్లు లిగ్గిన్స్, హౌవీ చూపించారు, అదీ ముందు గొర్రెపిల్లల్లో గమనించి. శనివారం దాకా ఆగారు చూడు, ఆ రెండు రోజులూ నీ పాప ఊపిరితిత్తులు తయారయ్యాయి.

అయితే కొన్ని గుర్తులు మాత్రం వదిలెయ్యకూడదు. సరిచేసిన నాలుగు నెలలు దాటినా మెడ వాలిపోవడం, ఒక చెయ్యి ఎప్పుడూ పిడికిలి బిగించే ఉంచడం, ఎత్తుకుంటే కాళ్ళు కర్రల్లా బిగుసుకుని కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడటం, కళ్ళతో మనిషిని వెంబడించకపోవడం, ఇలాంటివి ఏది ఉన్నా వెంటనే చూపించాలి. నువ్వు రాసినదాన్ని బట్టి అవి లేవనిపిస్తోంది, కానీ నేను పాపని చూడలేదు కాబట్టి నీ పిల్లల డాక్టర్‌కి ఒకసారి చూపించు. జిల్లా ఆసుపత్రుల్లో డీఈఐసీ అని పిల్లల ఎదుగుదల చూసే కేంద్రాలు ఉంటాయి, ఖర్చు ఉండదు.

మూడు ప్రశ్నలు. డిశ్చార్జ్ ఫైల్ తీసి చూసి చెప్పు. ఒకటి, కళ్ళ పరీక్ష ఎన్నిసార్లు అయింది, ఆఖరి కాగితంలో ఏం రాశారు? కంటి వెనక పొరలో రక్తనాళాలు మధ్య నుంచి అంచుల దాకా పాకుతూ వెళ్ళేది నెలలు నిండే దాకా జరుగుతుంది, ముందే పుడితే అవి దారి తప్పి పెరగొచ్చు, దాన్ని ఆర్‌ఓపీ అంటారు. మన దేశంలో 34 వారాల లోపు గానీ 2 కిలోల లోపు గానీ పుట్టిన వాళ్ళందరికీ నెల రోజుల లోపు మొదటి పరీక్ష, తర్వాత నాళాలు అంచు చేరేదాకా మళ్ళీ మళ్ళీ చెయ్యాలి. రెండోది, చెవుల పరీక్ష అయిందా? మూడోది, ఐరన్ చుక్కలు వేస్తున్నావా? కడుపులో ఐరన్ నిల్వ చేరేది చివరి మూడు నెలల్లోనే, నీ పాపకి ఆ నిల్వ తక్కువ, డాక్టర్ రాసినన్ని చుక్కలు మానకుండా వెయ్యి.


విశాఖ_నాన్న:

చెల్లెమ్మా, తండ్రిగా ఒక మాట. మా కవలలు 32 వారాలకి పుట్టారు. మా ఆవిడ ఐసీయూలో ఉంది, నేను బయట బెంచీ మీద. మూడో రోజు సిస్టర్ పిలిచి చొక్కా గుండీలు విప్పమన్నారు, నాకు అర్థం కాలేదు. డైపర్, టోపీ తప్ప ఏమీ లేని బిడ్డని నా గుండెల మీద నిలువుగా పెట్టి, పైన గుడ్డతో కట్టేశారు. 1.3 కిలోలు. వాడి చెవి నా గుండె మీద ఉంది, వాడి అరికాలు నా బొటనవేలంత ఉంది. పక్కన మిషన్‌లో ఆక్సిజన్ నంబరు 88, 89 దగ్గర ఊగుతుండేది, పది నిమిషాలకి 95కి వచ్చి నిలబడింది. నేను ఊపిరి గట్టిగా తీసుకోవడానికి కూడా భయపడుతూ రెండు గంటలు కదలకుండా కూర్చున్నాను.

కంగారూ పద్ధతి అంటారు దీన్ని. కొలంబియాలో బొగోటా నగరంలో 1978లో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్ ఎడ్గార్ రే అనే ఆయన తల్లుల గుండెల మీద పెట్టించడం మొదలుపెట్టారని మా డాక్టర్ చెప్పారు. 2021లో ఢిల్లీతో పాటు నాలుగు ఆఫ్రికా దేశాల్లో చేసిన పరిశోధనలో బిడ్డ పుట్టగానే, కుదుటపడేదాకా ఆగకుండా ఇది మొదలుపెడితే చనిపోయే పిల్లల సంఖ్య నాలుగో వంతు తగ్గిందట. ఇప్పుడు మీ పాప పెద్దదైంది, కానీ ఆ గుండెల మీద వేసుకోవడం మానకండి, సిస్టర్ చెప్పిన వ్యాయామం కూడా అదేగా. మీవారిని కూడా వేసుకోమనండి. చాలామంది నాన్నలకి ఎవరూ చెప్పరు కాబట్టి తెలియదు, అంతే.


చిన్నితల్లి_అమ్మ:

అందరికీ ఏం చెప్పాలో తెలియట్లేదు. రాత్రి మీవన్నీ అత్తయ్యకి చదివి వినిపించాను.

సిస్టర్ గారూ, ఫైల్ చూశాను. కళ్ళ పరీక్ష మూడుసార్లు అయింది, మూడోసారి నాళాలు పూర్తిగా పెరిగాయి, ఇక అవసరం లేదు, ఏడాదికి చూపించండి అని రాసి ఉంది. ఐరన్, విటమిన్ డి చుక్కలు వేస్తున్నాను. కానీ చెవుల పరీక్ష గడిలో ఏమీ లేదు, ఖాళీగా ఉంది. ఇంటికి పంపేటప్పుడు తర్వాత రమ్మన్నారేమో, ఆ హడావిడిలో మేం మర్చిపోయామేమో గుర్తు లేదు. చప్పుడు చేస్తే ఉలిక్కిపడుతుంది, చాలదా?

ఇంకొకటి, అడగడానికి మొహమాటంగా ఉంది. ఇదంతా నా వల్లే జరిగిందా? ఉప్పు ఎక్కువ తిన్నానని, ఆఫీసుకి బస్సులో వెళ్ళానని, గ్రహణం రోజు బయటికి వచ్చానని తలా ఒకటి అన్నారు. కాళ్ళ వాపుని నేను పట్టించుకోలేదు, అది మాత్రం నిజం.


సిస్టర్_వరంగల్:

ఉలిక్కిపడటం చాలదమ్మా. పెద్ద చప్పుడుకి ఉలిక్కిపడే బిడ్డకి కూడా మాటల స్థాయి శబ్దాలు వినపడకపోవచ్చు. ఎన్‌ఐసీయూలో, అంటే పసిపిల్లల ఐసీయూలో ఉన్న పిల్లలకి బెరా అనే పరీక్ష చెయ్యాలి, నిద్రలో తలకి చిన్న తీగలు అంటించి చేస్తారు, నొప్పి ఉండదు. లోపం ఉంటే వినికిడి మిషన్ ఎంత తొందరగా పెడితే మాటలు అంత చక్కగా వస్తాయి, అందుకే తొందర పెడుతున్నాను. ఈ వారమే వెళ్ళు.

నీ రెండో ప్రశ్నకి. కాదు. నీకొచ్చింది ప్రీఎక్లాంప్సియా, గర్భంతో ఉన్నప్పుడు వచ్చే బీపీ జబ్బు, ముదిరి ఫిట్స్ వస్తే పెద్దవాళ్ళు గుర్రపువాతం అనేది దాన్నే. అంత తొందరగా వచ్చినప్పుడు దాని మూలం చాలావరకు మాయలోనే (ప్లాసెంటాలో) ఉంటుంది. మాయ గర్భసంచికి అతుక్కునే తొలి నెలల్లో అక్కడి సన్నటి రక్తనాళాలు వెడల్పు కావాలి, చిన్న కాలవ పెద్ద కాలవ అయినట్టు. కొందరిలో అవి ఇరుగ్గానే ఉండిపోతాయి. మాయకి రక్తం చాలక, అందులోంచి వచ్చే పదార్థాలు తల్లి రక్తనాళాల్ని దెబ్బతీసి బీపీ పెంచుతాయి. అది జరిగేటప్పటికి నీకు ఏ వాపూ లేదు, ఏ నొప్పీ లేదు. నువ్వు తిన్న ఉప్పు వల్ల కాదు, బస్సు వల్ల కాదు, గ్రహణం వల్ల అసలే కాదు. మెరుపులు కనపడ్డ రోజే ఆసుపత్రికి వెళ్ళావు, నువ్వూ పాపా ఇవాళ ఉన్నది అందుకే.

మళ్ళీ గర్భం వస్తే మాత్రం మొదటి మూడు నెలల్లోనే డాక్టర్‌కి ఈ సంగతి చెప్పు, 16 వారాల లోపే చిన్న మోతాదులో ఆస్పిరిన్ మొదలుపెట్టే అవకాశం ఉంటుంది, సొంతంగా వేసుకోకూడదు. ఇప్పుడు కూడా ఏడాదికోసారి బీపీ చూపించుకో, ఇది వచ్చినవాళ్ళకి తర్వాత బీపీ, గుండె జబ్బులు వచ్చే అవకాశం ఎక్కువ.


గోదావరి_అమ్మమ్మ:

సిస్టరమ్మా, నువ్వు చెప్పాక మా మనవరాలికి కూడా ముక్కులో నూనె మానిపించాను. ఇన్నేళ్ళూ ఎంతమందికి వేశానో. చిన్నితల్లీ, నీ అత్తగారికి నా మాటగా చెప్పు, ఆవిడదీ భయమే తల్లీ, పైకి వేరేగా వస్తుంది.


చిన్నితల్లి_అమ్మ:

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. బెరా అయింది. పాపకి పాలిచ్చి నిద్రపుచ్చి తీసుకెళ్ళాం, మధ్యలో ఒకసారి లేస్తే మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. రెండు చెవులూ బాగున్నాయన్నారు. ఆ కాగితం పట్టుకుని మెట్ల మీదే కూర్చుండిపోయాను కాసేపు. పిల్లల డాక్టర్ కూడా చూశారు, కాళ్ళలో బిగుతు లేదు, లెక్క సరిచేసి చూస్తే సరిగ్గానే ఉంది, నెల తర్వాత మళ్ళీ రమ్మన్నారు.

వాకర్ కొనలేదు. పొద్దున నా మీద, సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చాక మావారి మీద బోర్లా పడుకుంటోంది. నిన్న చాప మీద పట్టీల చప్పుడు విని తనే కాళ్ళు పైకెత్తి, ఒక్కసారిగా కుడి పక్కకి ఒరిగిపోయింది. చెయ్యి కింద ఇరుక్కుని ముందుకీ వెళ్ళలేక వెనక్కీ రాలేక గుక్కపెట్టి ఏడ్చింది. నేను పరిగెత్తబోతే అత్తయ్యే ఆపి, "ఉండవే, దాన్ని కాసేపు ప్రయత్నించనీ" అన్నారు, తర్వాత తనే చెయ్యి మెల్లగా సవరించారు. డెలివరీ డేట్‌కి క్యాలెండర్‌లో గుండ్రంగా గీసింది కూడా ఆవిడే. పచ్చిశనగపప్పు డబ్బా పై అర నుంచి కింది అరలోకి దించి పెట్టుకున్నారు.